అనుదిన పరిచర్య, అనుదిన కూలి



ఈ వారం ధ్యానానికి అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలోని మొదటి ఏడు వచనాలు తీసుకున్నాం. ముందు బైబిలు తెరిచి ఒకసారి చదువుకోండి, తర్వాత ఇది చదవండి. సంఘాల్లో ఈ భాగాన్ని పరిచారకులను ఏర్పరచే రోజున చదువుతారు. లేదంటే స్తెఫను హతసాక్షి అయిన సంగతి చెప్పడానికి ముందు మెట్టుగా వాడుకుని దాటిపోతారు. మేము సెమినరీలో చదివే రోజుల్లో కూడా అంతే జరిగింది. కానీ నిదానంగా చదివితే ఇది అన్నం దగ్గర వచ్చిన గొడవ. మన పల్లెల్లో భోజనాల బంతి దగ్గర వచ్చే గొడవ లాంటిదే.

యెరూషలేము సంఘంలో రెండు రకాల యూదులు ఉన్నారు. ఒకరు అక్కడి వాళ్ళు, సొంత భాష మాట్లాడేవాళ్ళు. ఇంకొకరు బయటి దేశాల్లో పుట్టి పెరిగి, గ్రీకు మాట్లాడేవాళ్ళు. విశ్వాసం ఒకటే, బాప్తిస్మం ఒకటే. కానీ రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు సరిగ్గా అందడం లేదు. ఎవరో కావాలని కుట్ర చేశారని లూకా వ్రాయలేదు. మాకు అనిపించేది ఏమిటంటే, పంచేవాళ్ళకు తమ వీధి విధవరాండ్రు తెలుసు, వాళ్ళ గుమ్మాలు తెలుసు, పేరు పెట్టి పిలవగలరు. అవతలి ఆమె భాష రాదు, ఇల్లు ఎక్కడో తెలియదు. పాత్ర ఖాళీ అయ్యే సమయానికి ఆమె గుర్తుకు రాదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదని మనవాళ్ళు ఊరికే అనలేదు. వడ్డించేవాడు మనవాడు కాకపోతే మొదటి బంతిలో కూర్చున్నా విస్తరి ఖాళీగానే ఉండవచ్చు.

ఇప్పుడు అపొస్తలులు ఏం చేశారో చూడండి. సణిగిన వాళ్ళను గద్దించలేదు. విశ్వాసులై ఉండి అన్నం కోసం గొడవా అని అడగలేదు. మీ విధవరాండ్రకు మీరు వేరే బల్ల పెట్టుకోండి అని విడగొట్టలేదు. అందరినీ పిలిచి, మంచి పేరున్న ఏడుగురిని మీలోనుంచి మీరే ఏర్పరచుకోండి అన్నారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అపొస్తలుల్లో కూడా అంద్రెయ, ఫిలిప్పు అన్నవి గ్రీకు పేర్లే కాబట్టి పేరును బట్టి మనిషిని పూర్తిగా తేల్చలేం. అయినా ఏడుకు ఏడూ అలా రావడం ఊరికే జరిగిందని మేము అనుకోం. చివరి నీకొలాసు అయితే పుట్టుకతో యూదుడు కూడా కాదు, అంతియొకయ నుంచి వచ్చి యూదుల మతంలో చేరినవాడు.

అంటే నష్టపోయిన వైపు వాళ్ళ చేతికే గరిటె ఇచ్చారు. అదీ వాళ్ళ విధవరాండ్రకు మాత్రమే వడ్డించుకోమని కాదు, మొత్తం బల్ల మీద నియమించారు. ఆ రోజు నుంచి హెబ్రీ విధవరాలి అన్నం కూడా ఆ ఏడుగురి చేతి మీదుగానే వచ్చింది. ఆ స్థానిక పెద్దలకు ఎంత నమ్మకం ఉండాలి! ఫిర్యాదు చేసినవాడికి లెక్క పుస్తకం అప్పగించడం ఎంత కష్టమో సంఘం నడిపినవాళ్ళకు తెలుస్తుంది, ఆఫీసు నడిపినవాళ్ళకూ తెలుస్తుంది.

ఈ మధ్య మన పిల్లలు పనిచేసే కంపెనీల్లో ఒక మాట బాగా వినిపిస్తోందట. అన్ని రకాల వాళ్ళూ ఉండాలి, అందరికీ న్యాయం జరగాలి అని దానికి ఒక శాఖ, దానికో మేనేజరు, ఏడాదికోసారి క్లాసులు. హైదరాబాదులో పనిచేసే మన సంఘపు ఆడపిల్ల ఒకతె ఫోనులో నవ్వుతూ చెప్పింది: "క్లాసు బాగానే జరిగింది అయ్యగారూ. అయిపోయాక టీ దగ్గర పక్క సీటాయన, మీ ఇంటిపేరేంటి, మీ ఊళ్ళో మీ ఇల్లు ఎక్కడ అని అడిగాడు." ఇంటిపేరు తెలిస్తే ఊరు, ఊరు తెలిస్తే పేట, పేట తెలిస్తే కులం. మన దేశంలో మనిషిని కొలిచే టేపు అది. ఏ కంపెనీ గోడ మీద ఏ బోర్డు పెట్టినా ఆ టేపు జేబులోనే ఉంటుంది. ఆ బిడ్డ ఏం జవాబు చెప్పిందని అడిగాం. ఊరి పేరు చెప్పి, చర్చి పక్క వీధి అని చెప్పిందట. అతను ఇంకేం అడగలేదట.

మన తెలుగు సంఘాల చరిత్రలో కూడా ఇలాంటి పరీక్ష ఒకటి వచ్చింది. ఒంగోలులో పనిచేసిన జాన్ క్లౌ దొరగారి సంగతి మన తాతలు చెప్పుకునేవాళ్ళు. 1866లో ఆయన ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం మొదలైంది. అప్పటికే పట్టణంలో పై కులాల వాళ్ళు కొందరు ఆయన మాట వింటున్నారు. పల్లెల నుంచి మాదిగలు కూడా రావడం మొదలయ్యాక, వీళ్ళను చేర్చుకుంటే మేము రాము అన్నారు. అప్పుడు ఆయన, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయంలో 26వ వచనం నుంచి ఉన్న భాగమే తగిలిందని ఆయన చెప్పుకున్నాడు. దేవుడు లోకంలో నీచులైనవారిని, తృణీకరించబడినవారిని ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. ఆయన పల్లెల వైపే నిలబడ్డాడు.

కానీ మేము ఈ రోజు చెప్పదలచుకున్నది దాని తర్వాతి సంగతి. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. కరువు పనిగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వించింది. పని ఉంది, కూలి ఉంది, కానీ పని చేయించేవాడు ఎవడు? చాలా చోట్ల మాదిగలకు తిట్లు, తోపులు, కూలిలో కోత. క్లౌ దొర అమెరికాలో ఉండగా భూముల సర్వే పని చేసినవాడు, కొలతలు తెలిసినవాడు. ఆయన కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ ముక్కను తానే కంట్రాక్టు తీసుకున్నాడు. తన దగ్గరున్న బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. అంటే నిన్నటి దాకా కాలువ గట్టు మీద తిట్లు తిన్న జనంలోనుంచి వచ్చిన మనిషే ఈ రోజు కొలత వేసి కూలి ఇచ్చేవాడయ్యాడు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం గుండ్లకమ్మ ప్రాంతంలో మళ్ళీ జరిగినట్టు మాకు కనిపిస్తుంది.

కరువు పని నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని. పని ఆగాక, 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మన సువార్త సభల్లో చాలాసార్లు విన్నాం. దానికి ముందు ఒక పని స్థలంలో కూలి సరిగ్గా కొలిచి ఇచ్చారన్న సంగతి మాత్రం ఏ సభలోనూ చెప్పరు. ఆ జనానికి వాక్యం చెవిలో పడడానికి ముందు తట్ట లెక్క సరిగ్గా పడింది. మేము అయితే ఆ రెండింటినీ విడదీయలేం.

ఇక మన గోడ సంగతికి వస్తాం.

మన మందిరానికి ప్రహరీ గోడ కట్టాలని మీకు తెలుసు. ముఠా మేస్త్రీ లెక్క వేసి ఇచ్చిన కాగితం పెద్దల దగ్గర ఉంది. తాపీ మేస్త్రీలకు ఒక రేటు, దాని మీద మాట లేదు, అది నేర్చిన పని. మగ కూలీకి రోజుకు 700, ఆడ కూలీకి 500. ఆడవాళ్ళు ఆరుగురు, పని ఇరవై అయిదు రోజులు. తేడా సరిచేస్తే సంఘానికి 30,000 రూపాయలు ఎక్కువవుతుంది. మన సంఘానికి అది దాదాపు మూడు నెలల కానుక.

కమిటీలో మాటలు గట్టిగానే వచ్చాయి. ఒక పెద్దాయన, దేవుని డబ్బు పొదుపుగా వాడాలి గదా అన్నారు. న్యాయమైన మాటే. ఇంకొకరు, మగాళ్ళు బరువు మోస్తారండీ అన్నారు. మేము అడిగాం, మాలు తట్టలో పోసుకుని నెత్తిన పెట్టుకుని పరంజా దాకా తెచ్చేది ఎవరు? ఇటుకలు అందించేది ఎవరు? గోడ తడపడానికి నీళ్ళు మోసేది ఎవరు? మగ కూలీ పారతో మాలు కలుపుతాడు, ఆమె మోస్తుంది. రెండూ లేకపోతే గోడ లేవదు. ఆయన కాసేపు ఆలోచించి, అది నిజమే గాని రేటు అలా వచ్చేసింది అన్నారు.

రేటు అలా రాలేదు సహోదరులారా, ఎవరో అలా పెట్టారు. ఆడ మగ ఒకే పనికి ఒకే వేతనం అన్నది మన రాజ్యాంగంలో 39వ అధికరణంలో ఉంది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది, మేము పుట్టకముందే. ఇప్పుడు దాన్ని 2019 వేతనాల కోడ్‌లో కలిపారు. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చినప్పుడు చెరువు పూడిక తీతలో మన ఊరి ఆడవాళ్ళు మొదటిసారి మగవాళ్ళతో సమానమైన కూలి చూశారు. ఆ చట్టంలో ఇంకో చిన్న మాట ఉండేది, మాకు చాలా ఇష్టం. ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు లేదా అంతకు మించి పని దగ్గరికి వస్తే, కూలీల్లో ఒకామెను ఆ పిల్లల్ని చూసుకోవడానికి పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని. బిడ్డను ఎత్తుకోవడం కూడా పనేనని అది ఒప్పుకుంది.

అసలు కష్టమైన మాట మూడోది. మన సంఘంలోని కౌలు రైతు ఒకాయన అన్నారు: "సంఘం ఇలా ఇస్తే రేపు మిరపకోతలకు మా పొలంలోనూ ఇదే అడుగుతారు అయ్యగారూ. మేమెక్కడ తేవాలి?" దీన్ని మేము తేలిగ్గా తీసుకోం. కౌలు ముందే కట్టాలి, మందుల కొట్టులో అప్పు, యార్డులో ధర ఏ రోజు ఎలా ఉంటుందో తెలియదు. ఆయన దగ్గర దాచుకున్న లాభం ఉండి ఇవ్వనంటే ఆ సంగతి వేరు. ఆయన ఇంట్లో ఆడవాళ్ళు కూడా పక్క పొలానికి కూలికి వెళ్తారు. అంటే ఆ తక్కువ కూలి ఆయన ఇంటికీ తక్కువగానే వస్తోంది. ఆ మాట చెబితే ఆయన నవ్వలేదు, కోపపడలేదు, ఇంటికి వెళ్ళి ఆలోచిస్తానన్నారు.

ఆయనే ఇంకో ప్రశ్న కూడా వేశారు. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని నా సొత్తు నా ఇష్టం అన్నాడు గదా, మరి రైతు ఇష్టం రైతుది కాదా అని. మంచి ప్రశ్న. ఆ యజమాని తన ఇష్టాన్ని ఎటు వాడాడో చూడమన్నాం. పొద్దున వచ్చినవాడికి మాట్లాడుకున్న దేనారము తగ్గించలేదు. సాయంత్రం దాకా ఎవరూ పిలవక నిలబడ్డవాడికి ఒక రోజు తిండికి సరిపడేది ఇచ్చాడు. పై వాళ్ళది కోసి సమానం చేయలేదు. ఇది ఎందుకు చెప్తున్నామంటే, ముఠా మేస్త్రీ ఇంకో దారి చూపించాడు. అందరికీ 600 చేసేద్దాం, సంఘానికి ఖర్చు పెరగదు అన్నాడు. మగ కూలీ జేబులోంచి తీసి అతని భార్య జేబులో పెట్టడం సమానత్వం కాదు. సంఘం చేయి తడవకుండా న్యాయం చేసే ఉపాయం అది. యిర్మీయా 22వ అధ్యాయం 13వ వచనంలో, పొరుగువాడి చేత పని చేయించుకుని కూలి ఇవ్వకుండా ఇల్లు కట్టుకునేవాడి మీద శ్రమ ప్రకటించబడింది. అది రాజు మేడ గురించి చెప్పిన మాట. దేవుని మందిరపు గోడకు దానినుంచి మినహాయింపు ఉంటుందని మేము అనుకోలేం.

కూలి ఒక్కటే కాదు. రూతు 2వ అధ్యాయం చదవండి. రూతు మోయాబీయురాలు. ఆ జనం యెహోవా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో ఉంది. విధవరాలు, పరాయి భాష, పరాయి ఊరు, ఒంటరిగా పొలంలో. బోయజు ఏం చేశాడు? ఆమెను ముట్టవద్దని పనివాళ్ళకు ముందే గట్టిగా చెప్పాడు. ఆమె ఫిర్యాదు చేసేదాకా ఆగలేదు. దాహమైతే పనివాళ్ళు చేదిన నీళ్ళ కుండల దగ్గరికే వెళ్ళి తాగమన్నాడు. భోజనం వేళకు కోతగాళ్ళ పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. కుండ విషయం మన ప్రాంతంలో చదివేవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు. టీ కొట్టు దగ్గర చూరుకు వేలాడే గ్లాసు మన తండ్రుల కాలం దాకా ఉంది. ఆ పొలంలో ఒకే కుండ ఉంది, పరాయిదాని నోటికి అదే కుండ.

పని చోట ఆడవాళ్ళకు భద్రత గురించి మన దేశంలో 2013లో చట్టం వచ్చింది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఒక అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న చోట్ల పనిచేసేవాళ్ళకు, ఇళ్ళలో పనిచేసే అమ్మలకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. సిటీల్లో ఇళ్ళల్లో పనికి వెళ్ళే మన సహోదరీలు ఇది తెలిసి ఉండండి. తెలియనివారికి చెప్పండి.

గోడ పనిలో మాకు ఇంకో సంగతి కనిపించింది. ఎండలో తట్ట మోసే ఆడవాళ్ళు నీళ్ళు తక్కువ తాగుతారు. ఎందుకని అడిగితే తల తిప్పుకున్నారు. పాస్టరమ్మ తర్వాత విడిగా అడిగి తెలుసుకున్నారు. వెళ్ళడానికి చోటు లేదు, అందుకని తాగరు. మందిరం వెనుక మరుగుదొడ్డి ఉంది, తాళం వేసి ఉంటుంది, ఆదివారమే తీస్తాం. పని మొదలైన రోజు నుంచి ఆ తాళంచెవి ఆడవాళ్ళ ముఠాలో పెద్దామె దగ్గర ఉంటుంది. దీనికి కమిటీ తీర్మానం అక్కర్లేదని పెద్దలందరూ వెంటనే ఒప్పుకున్నారు. స్తోత్రం.

ఒక్క మాట మాత్రం మమ్మల్ని వదలడం లేదు. తాపీ పని నేర్చిన పని, ఎక్కువ కూలి న్యాయమే అన్నాం. మరి మన మండలంలో తాపీ పట్టిన ఆడమనిషిని మేము ఇంతవరకు చూడలేదు. ముప్ఫై ఏళ్ళుగా మాలు మోస్తున్న అమ్మకు ఏ పాళ్ళలో ఇసుక, ఏ పాళ్ళలో సిమెంటు అన్నది మేస్త్రీ కంటే బాగా తెలుసు. పలచబడితే ఆమె చెప్తుంది, ఆయన సరిచేస్తాడు. ఆమె చేతికి తాపీ ఎవరూ ఇవ్వలేదు, అంతే. మేస్త్రీని అడిగాం, ఈ గోడలో వెనుక వైపు పది అడుగుల ముక్క ఇద్దరు ఆడవాళ్ళ చేత కట్టించి చూడకూడదా అని. "వంకర వస్తే?" అన్నాడు. వెనుక వైపే కదా, చింతచెట్టు అడ్డం ఉంటుంది అన్నాం. నవ్వాడు. కాదనలేదు.

కువైట్‌లో ఉన్న మన తమ్ముడు ఒకతను ఈ సంగతి విని, ఆ 30,000 నేను పంపుతాను, గొడవ వద్దు అయ్యగారూ అన్నాడు. దేవుడు అతన్ని దీవించును గాక. ఆ డబ్బు మందిరం కరెంటు పనికి పంపమని చెప్పాం. గోడ కూలి తేడా ఇక్కడున్న మనమే మోయాలన్నది మా అభిప్రాయం. బయటి నుంచి డబ్బు వస్తే కౌలు రైతు సహోదరుడి ప్రశ్న అలాగే ఉండిపోతుంది. సంఘానికైతే దాతలు ఉన్నారు, మాకెవరున్నారు అనే మాట మిగులుతుంది. మూడు నెలల కానుకలో కొంత వదులుకున్నామని చూస్తేనే మనం ఆయనతో కూర్చుని పొలం లెక్క మాట్లాడగలం. ఆ మాట్లాడడం కూడా జరగాలి. ఈ వేసవిలోపే అయితే మంచిది.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుంది. ఆ ముఠాలో పనిచేసే మన సంఘపు అమ్మలు ఇద్దరిని కూడా కూర్చోబెట్టాలని అడిగాం, పెద్దలు సరే అన్నారు. ఒకామె, నేను కుర్చీలో కూర్చుని ఏం మాట్లాడతాను అయ్యగారూ, వద్దండీ అంది. రెండో ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, మా అమ్మాయి స్కూలు నోటు పుస్తకంలో పోయిన ఏడాది అంతా ఏ రోజు ఎవరి పనిలో ఎంత ఇచ్చారో వ్రాయించి పెట్టాను, అది తెచ్చేదా అని అడిగింది. తప్పకుండా తెమ్మన్నాం.

ఆ కూటమి కోసం మీ మీ చోట్ల ప్రార్థించండి. ప్రహరీ కానుక ఇవ్వదలచినవారు కోశాధికారి గారికి ఇచ్చి రసీదు తీసుకోండి.

ప్రభువు సేవలో, మీ పాస్టరు గారు, పాస్టరమ్మ.